ముట్టుకోనిచ్చే మ్యూజియంలో ముస్లిం పిల్లాడు

మ్యూజియాన్ని ఉర్దూలో అజాయబ్‌ఘర్ అంటాం. వింతల ఇల్లు అని అర్థం. తెలుగులో ప్రదర్శనశాల అన్నారు. రెండు మాటల్లోనూ చూడడమే తప్ప ముట్టుకోవడం లేదు. 'వస్తువులను తాకరాదు' అన్న బోర్డే అక్కడి మొదటి చట్టం. వందల ఏళ్ల నాటి చిత్తరువునో, బట్టనో కాపాడుకోవాలంటే ఆ చట్టం ఉండాల్సిందే, కాదనం. అయితే అద్దం వెనక ఉన్నది వస్తువు కాక ఒక సమాజం అయినప్పుడు, ఆ సమాజపు పిల్లలే అద్దానికి ఇవతల నిలబడి తమను తాము చూసుకోవలసి వచ్చినప్పుడు ఆ బోర్డు వాళ్లకు ఇంకో సంగతి చెబుతుంది.

మా తరం ముస్లిం పిల్లలకు ఈ సంగతి పుస్తకాలు చదివితే తెలిసింది కాదు. 1990 డిసెంబర్ అల్లర్ల తర్వాతి సంవత్సరాల్లో బడి నుంచి వరసకట్టి మ్యూజియానికి పోయేవాళ్లం. కత్తుల గది రాగానే పక్కవాడు మోచేత్తో పొడిచి 'ఇవన్నీ మీవాళ్లవే కదరా' అనేవాడు. అందులో వెక్కిరింత ఎంతో, మెచ్చుకోలు ఎంతో తేలేది కాదు. ఆ మాట కాదనడానికీ మనసొప్పేది కాదు. కానీ నిజానికి మావాళ్ల చేతుల్లో ఉన్నవి దర్జీ కత్తెర, పంచరు సొల్యూషన్ ట్యూబు, దూది ఏకే విల్లు, అబ్బా ఆఫీసుకు పట్టుకుపోయే టిఫిన్ డబ్బా. నవాబుల కత్తి మా చేతికి రాదు, మా ఇంటి కత్తెర మ్యూజియంలోకి రాదు. ఈ రెంటి మధ్యా ఒక అద్దం.

ఈ అద్దాన్ని తొలగించి పిల్లల చేతికి వస్తువును ఇచ్చే ప్రయత్నం ఎక్కడ మొదలైంది? అది 'నేనెవరు, నా పక్కవాడెవరు' అన్న ప్రశ్న దాకా ఎలా వచ్చింది? అందులో ముస్లిం పిల్లాడి వంతు ఎప్పుడు వచ్చింది, వచ్చినప్పుడు ఏం చూపారు? మన అస్తిత్వ చర్చల్లో కథలూ కవిత్వం గురించి మాట్లాడుకున్నంతగా ఈ చరిత్ర గురించి మాట్లాడుకోలేదు.

పిల్లల కోసమే పెట్టిన తొలి మ్యూజియంగా చెప్పుకునేది న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్ చిల్డ్రన్స్ మ్యూజియం. 1899 డిసెంబర్ 16న తెరిచారు. (యాభై రెండేళ్ల తర్వాత, 1951లో, అదే డిసెంబర్ 16న హైదరాబాద్ దివాన్ దేవిడీలో సాలార్‌జంగ్ మ్యూజియాన్ని నెహ్రూ ప్రారంభించారు. తేదీ కలవడం కాకతాళీయమే.) 1902లో అక్కడ చేరి 1937 దాకా పనిచేసిన అన్నా బిల్లింగ్స్ గాలప్ ఆ మ్యూజియాన్ని తీర్చిదిద్దారు. పిల్లవాడు రాయినీ, గవ్వనూ, పురుగునూ చేతిలోకి తీసుకుని తిప్పి చూడకపోతే వాడికి అది అబ్బదని ఆమె నమ్మకం. అయితే అప్పటికి ఇదంతా ప్రకృతి పాఠమే. గవ్వను ముట్టుకోవచ్చు. పక్క వీధిలో ఉండే నల్లజాతి పిల్లవాడి బతుకును ముట్టుకునే ఏర్పాటు అందులో లేదు.

ఆ మలుపు 1960ల్లో బోస్టన్‌లో కనబడుతుంది. అక్కడి పిల్లల మ్యూజియాన్ని 1913లో సైన్సు టీచర్లు పెట్టారు. 1962లో మైకెల్ స్పాక్ డైరెక్టరుగా వచ్చాడు. శిశు సంరక్షణ మీద ప్రపంచమంతా చదివిన పుస్తకం రాసిన డాక్టర్ బెంజమిన్ స్పాక్ కొడుకు ఇతను. చదవడంలో తనకే ఇబ్బంది ఉన్నవాడు కాబట్టి అక్షరంతో పనిలేకుండా నేర్చుకునే దారి వెతికాడు. గాజుపెట్టెలు తెరిపించాడు. ఒక మ్యూజియం దేని గురించి అన్నది కాదు, ఎవరి కోసం అన్నదే అసలు ప్రశ్న అన్నది అతని వాదం. ఈ ఒక్క ప్రశ్నతో మ్యూజియం తలకిందులైంది. ఎవరి కోసం అని అడగగానే ఎవరు రావడంలేదో కూడా కనబడుతుంది మరి.

ఆ బోస్టన్‌లోనే 1974లో నల్లజాతి పిల్లలనూ తెల్లజాతి పిల్లలనూ ఒకే బడుల్లో కలిపి చదివించమని కోర్టు ఆదేశించింది. నల్లజాతి పిల్లలు ఎక్కిన స్కూలు బస్సుల మీద రాళ్లు పడ్డాయి. రాయి వేసినవాళ్లలో పెద్దవాళ్లతోపాటు బడి వయసు పిల్లలూ ఉన్నారు. ఇలాంటి ఊళ్లో పిల్లల మ్యూజియం గవ్వలూ సీతాకోకచిలుకలూ చూపిస్తూ కూర్చోలేదు. 1979లో క్యోటో నగరం బోస్టన్‌కు ఒక ఇల్లు కానుకగా ఇచ్చింది. వందేళ్ల నాటి పట్టు వర్తకుడి ఇల్లు. దాన్ని విప్పి, ఓడలో తెచ్చి, మ్యూజియంలో మళ్లీ నిలబెట్టారు. పిల్లలు చెప్పులు విడిచి లోపలికి పోతారు, చాప మీద కూర్చుంటారు. 1942లో జపాన్ మూలాలున్న తన పౌరులను, పసిపిల్లలతో సహా, ముళ్లకంచెల శిబిరాల్లో పెట్టిన దేశం అది. నలభై ఏళ్లు తిరక్కుండానే అదే దేశపు పిల్లలు జపాను ఇంటి గడప దగ్గర చెప్పులు విడిచారు. 1990లో అదే మ్యూజియం 'కిడ్స్ బ్రిడ్జ్' అనే ప్రదర్శన పెట్టింది. ఈసారి విషయం సూటిగానే ఉంది: బోస్టన్‌లోని రకరకాల కుటుంబాల పిల్లలు, వాళ్ల మధ్య ఉన్న జాతి వివక్ష.

బ్రూక్లిన్‌కు ఆ పరీక్ష ఇంకా కఠినంగా వచ్చింది. తొలి పిల్లల మ్యూజియం ఉన్న పేట పేరు క్రౌన్ హైట్స్. కరీబియన్ దీవుల నుంచి వచ్చిన నల్లజాతివాళ్లూ, హసిదీ యూదులూ పక్కపక్కన ఉండే చోటు. 1991 ఆగస్టు 19న యూదు మతగురువు వెంట పోతున్న కార్ల వరసలో ఒకటి అదుపు తప్పి ఏడేళ్ల నల్లజాతి పిల్లవాడిని బలిగొంది. కొన్ని గంటల్లోనే ఒక యూదు విద్యార్థిని కత్తితో పొడిచారు, అతను చనిపోయాడు. మూడు రోజులు ఆ పేట తగలబడింది. మన పాతబస్తీలో కత్తిపోట్లు, కర్ఫ్యూలు నడిచి అప్పటికి ఇంకా ఏడాది కాలేదు.

తర్వాత జరిగినదే మాకు ముఖ్యం. గొడవలైన రెండు మూడేళ్లలోనే బ్రూక్లిన్ పిల్లల మ్యూజియం, బ్రూక్లిన్ హిస్టారికల్ సొసైటీ, నల్లజాతి చరిత్ర కోసం పనిచేసే వీక్స్‌విల్ సంస్థ - మూడూ కలిసి క్రౌన్ హైట్స్ చరిత్ర మీద ప్రదర్శనలు పెట్టాయి. ఆ వీధుల్లోకి ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎందుకు వచ్చారు, ఒకరి గురించి ఒకరికి ఏం తెలుసు అన్నవే అక్కడి పాఠాలు. దీనితో పగలన్నీ చల్లారాయని అనం. మ్యూజియం ఏమీ శాంతి కమిటీ కాదు. కానీ అల్లరి జరిగిన పేటలోని పిల్లల మ్యూజియం ఆ అల్లరిని తన గుమ్మం ముందు నుంచి ఊడ్చేయకుండా లోపలికి తెచ్చుకుంది.

ఇక ముస్లిం పిల్లాడి వంతు. 2001 సెప్టెంబర్ తర్వాత అమెరికాలో ముస్లిం అంటే మ్యూజియంలోకి రావలసిన మనిషి కాదు, రిజిస్టరులోకి ఎక్కవలసిన మనిషి. 2002లో మొదలుపెట్టిన ప్రత్యేక నమోదు పథకం కింద పాతిక దేశాల నుంచి వచ్చిన పదహారేళ్లు దాటిన మగవాళ్లు ప్రభుత్వ కార్యాలయాలకు పోయి వేలిముద్రలు వేయాలన్నారు. ఆ పాతికలో ఉత్తర కొరియా ఒక్కటి తప్ప అన్నీ ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశాలే. న్యూయార్క్ పోలీసులు మసీదులపై, ముస్లింల హోటళ్లపై, విద్యార్థి సంఘాలపై రహస్యంగా నిఘా పెట్టిన సంగతి 2011లో పత్రికలకెక్కింది. ఆ పని చేసిన విభాగాన్ని 2014లో ఎత్తివేశారు. 2015 సెప్టెంబర్‌లో, ఇవాళ తెలుగువాళ్లు కాలనీలకు కాలనీలుగా ఉంటున్న టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో, పద్నాలుగేళ్ల ముస్లిం కుర్రాడు ఇంట్లో తన చేత్తో బిగించుకున్న గడియారాన్ని టీచరుకు చూపిద్దామని బడికి పట్టుకుపోతే బాంబేమోనని పోలీసులను పిలిచారు. బేడీలు వేసి తీసుకుపోయారు. చేతులతో చేసి నేర్చుకోమని వందేళ్లుగా పిల్లలకు చెబుతున్న దేశం. చేసినవాడి పేరునుబట్టి గడియారం ఇంకోలా కనబడింది. అదే డిసెంబర్ 7న, అప్పటికి అధ్యక్ష పదవి కోసం పోటీలో ఉన్న డొనాల్డ్ ట్రంప్, ముస్లింలను దేశంలోకి రానీయడం పూర్తిగా ఆపాలన్నాడు.

ఈ గాలిలోనే 2016 ఫిబ్రవరిలో చిల్డ్రన్స్ మ్యూజియం ఆఫ్ మన్‌హట్టన్ 'అమెరికా టు జాంజిబార్: ముస్లిం కల్చర్స్ నియర్ అండ్ ఫార్' అనే ప్రదర్శనను తెరిచింది. ప్రచార వేడికి జవాబుగా రాత్రికి రాత్రి కట్టినది కాదు, ఏళ్లుగా తయారవుతున్నది. ఈ మ్యూజియం పుట్టుక కూడా తెలుసుకోదగినదే. 1970ల్లో న్యూయార్క్ ఖజానా ఖాళీ అవుతూ బడుల్లో బొమ్మలు గీయడం, పాట నేర్పడం ఎగిరిపోతున్న కాలంలో బెట్టీ కోర్మన్, మరికొందరు కళాకారులు, టీచర్లు కలిసి 1973లో ఒక నేలమాళిగ దుకాణంలో దీన్ని మొదలుపెట్టారు. హార్లెం పిల్లలు, ఆ పక్క పేటల పిల్లలు వచ్చి బొమ్మలు వేసుకునే చోటు. దాని పునాది కళే కాబట్టి ముస్లింల గురించి చెప్పవలసి వచ్చినప్పుడు కూడా రంగు, నేత, చెక్కడం, అక్షరం వైపు నుంచే వచ్చింది.

పిల్లలు అక్కడ ఏం చేశారు? జాంజిబార్ చేపల బజారులో చేపలు తూచారు. ఈజిప్టు మసాలా దినుసుల వాసన చూశారు. మొరాకో తివాచీల దగ్గర తమ సొంత నమూనాలు కూర్చారు. అరబ్బు సముద్రాల్లో తిరిగే ధౌ అనే తెరచాప ఓడ ఎక్కారు. ఒంటె ఎక్కారు. పాకిస్తాన్ రోడ్ల మీద తిరిగే పూలూ నెమళ్లూ వేసిన రంగురంగుల లారీ లాంటిదాన్ని అలంకరించారు. ఒక గదిలో వంపు తిరిగిన పెద్ద తెర మీద దేశదేశాల మసీదులు కనబడ్డాయి. మరో భాగం అమెరికాలోని ఒక ముస్లిం ఇల్లు.

పేరులోని 'కల్చర్స్' అన్న బహువచనం మాకు నచ్చింది. ఒక్కటి కాదు, అనేకం. మన దగ్గర ఈ బహువచనం కోసం ఇంకా పోట్లాడవలసే ఉంది. ముస్లిం అనగానే షేర్వానీ వేసుకుని ఉర్దూ మాట్లాడే హైదరాబాదీయే గుర్తుకొస్తాడు. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకులవాడు, పీర్లను ఎత్తుకునే పల్లెటూరి సాయిబు, కోస్తా రేవుల్లోని ముస్లిం ఎవరి లెక్కలోనూ ఉండరు. బయటివాళ్లే కాదు, మనలో పెద్దింటి వాళ్లూ వాళ్లను లెక్కలోకి తీసుకోరు. జాంజిబార్ చేపలవాడినీ మొరాకో నేతగాడినీ ఒకే కప్పు కింద పెట్టి ఇద్దరూ వేరువేరు, ఇద్దరూ ముస్లింలే అని ఐదేళ్ల పిల్లకు చెప్పగలగడం చిన్న పని కాదు.

అయినా మాకు పేచీలు ఉన్నాయి. మతాన్ని బోధించడం తమ పని కాదు, సంస్కృతులను చూపడమే తమ పని అని మ్యూజియం ముందే గీత గీసుకుంది. అన్ని మతాల పిల్లలు వచ్చే చోట ఆ గీత అవసరం ఎందుకో అర్థమవుతుంది. కానీ బడిలో ముస్లిం పిల్లవాణ్ని పక్కవాడు అడిగేది తివాచీ గురించి కాదు. మధ్యాహ్నం అన్నం ఎందుకు తినడంలేదని అడుగుతాడు. మీ అక్క తలమీద గుడ్డ ఏమిటంటాడు. మసీదు కేవలం గుమ్మటాల అందంగా మిగిలిపోతే ఆ ప్రశ్నలు మళ్లీ ఆ పిల్లవాడి నెత్తినే పడతాయి.

రెండో పేచీ బజారుతో. ముస్లింను పరిచయం చేయాలంటే ఎందుకో అందరికీ ముందు బజారే తడుతుంది. మసాలా, అత్తరు, తివాచీ, చాయ్. అమ్మేవాడిగా ముస్లింతో ఎవరికీ తగాదా లేదు. హైదరాబాద్‌లో ఈ ప్రేమ సంగతి మాకు బాగా తెలుసు. మా బిర్యానీ ఊరందరిదీ. ఇల్లు అద్దెకు అడిగినప్పుడు మాత్రం పేరు వినగానే 'వేరేవాళ్లకు మాటిచ్చేశాం' అంటారు. వాసన చూసి మురిసిన పిల్ల పెద్దయ్యాక ఇల్లు అద్దెకు ఇస్తుందా అన్నది బజారు తేల్చే విషయం కాదు.

మూడోది ఓడ. ఇది పేచీ కంటే బరువైన ప్రశ్న. జాంజిబార్ లవంగాల ద్వీపం మాత్రమే కాదు. ఒమన్ సుల్తానుల ఏలుబడిలో అది తూర్పు ఆఫ్రికాలోకెల్లా పెద్ద బానిసల సంత. 1873లో బ్రిటిష్ ఒత్తిడితో సుల్తాన్ బర్గష్ ఆ సంతను మూయించాడు. అంతదాకా ధౌలలో ఏనుగు దంతాలతోపాటు మనుషులూ రవాణా అయ్యారు. పెట్టుబడి పెట్టినవాళ్లలో కచ్ నుంచి పోయిన హిందూ, ముస్లిం వర్తకులూ ఉన్నారు. ప్రదర్శన పేరులో ఇటు చివర ఉన్న అమెరికా సంగతి చెప్పనక్కరలేదు. పశ్చిమాఫ్రికా నుంచి గొలుసులతో అక్కడికి చేరినవాళ్లలో ముస్లింలు ఎందరో. ఇప్పటి సెనెగల్ ప్రాంతం నుంచి 1807లో చార్ల్‌స్టన్ రేవులో దింపబడిన ఉమర్ ఇబ్న్ సయ్యద్ 1831లో తన జీవితకథను అరబ్బీలో రాసుకున్నాడు. ఆ రాతప్రతి ఇప్పుడు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది. అంటే ముస్లిం అమెరికాకు వలస వచ్చిన కొత్త మనిషి కాదు, ఆ దేశపు పునాది రాళ్లు మోసినవాళ్లలో ఒకడు.

ఈ ఓడ మనకూ పరాయిది కాదు. నిజాం సైన్యంలోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరుతోనే హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ ఉంది. అక్కడి సిద్దీల పూర్వీకులు సముద్రం దాటి వచ్చినవాళ్లే. బార్కస్‌లోని చావుష్‌ల తాతలు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చారు. ఒకే సముద్రం మీద సిపాయి వచ్చాడు, సరుకు వచ్చింది, బానిసా వచ్చాడు. ఐదేళ్ల పిల్లకు ఇదంతా చెప్పాలా అని అడగవచ్చు. అన్నీ చెప్పనక్కరలేదు. కానీ ఓడ అడుగున ఇంకో గది ఉందని మాత్రం పిల్లకు తెలియాలి. మనం అన్యాయానికి గురైన చరిత్ర చెప్పమని అడుగుతూ మనవాళ్లు చేసిన అన్యాయం ఉన్న పుటను తిప్పేయడం సబబు కాదు. సిద్దీ పిల్లవాడు కూడా ముస్లిం పిల్లవాడే.

ఇన్ని అన్నా, ఆ ప్రదర్శనలో ఒక భాగం మిగతా అంతటికీ సాటి అని మా అభిప్రాయం. అది ఇల్లు. అందులో అమెరికా ముస్లింలు తమ ఇళ్ల నుంచి ఇచ్చిన వస్తువులు పెట్టారు. జాంజిబార్ చూసి ఔరా అనుకున్న పిల్ల ఇక్కడికి వచ్చేసరికి ఇది దూరదేశం కాదు, తన ఊరే అని గ్రహిస్తుంది. ఈ వస్తువులున్నవాళ్లు తను ఎక్కే సబ్‌వే రైలే ఎక్కుతారు. ముస్లిం పిల్లకైతే ఇంకోటి జరుగుతుంది. నానీమా పెట్టెలో ఉండేలాంటి సామాను, బడి స్నేహితురాలు వస్తుందంటే దాచేసే సామాను, ఇక్కడ అందరి ముందూ ఉంది. ఎవరూ నవ్వడంలేదు. కత్తుల గది ముందు మోచేతి పోటు తిన్నవాళ్లకు ఈ సంగతి విలువ విడమరచి చెప్పనక్కరలేదు.

ఇల్లు బజారు కంటే మేలు అనడానికి కారణం ఉంది. బజారులో వస్తువును మ్యూజియం ఎంచింది. ఇంట్లో వస్తువును ఆ ఇంటివాళ్లు ఎంచారు. మన గురించి ఎవరు చెప్పాలి అని మనం సాహిత్యంలో లేవనెత్తిన ప్రశ్నే ఇదీ.

మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. 1961లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాధాన్యం గల సంస్థ అయింది, 1968లో దారుల్‌షిఫాలోని ఇప్పటి భవనంలోకి వచ్చింది. అందులో పిల్లల విభాగం కూడా ఉంది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పోగుచేసిన సీసపు సైనికులు, బొమ్మ రైళ్లు, ఆట సామాన్లు అక్కడ కొలువుదీరి ఉంటాయి. పెళ్లీ పిల్లలూ లేని మనిషి అంత మక్కువతో కొన్న బొమ్మలవి. వాటిని చూస్తే మాకు ఎప్పుడూ కొంచెం దిగులేస్తుంది. వాటితో ఆడుకున్న పిల్లలు లేరు, ఇప్పుడు చూసే పిల్లలకూ అద్దం అడ్డం. ఒక ముస్లిం ప్రభువు ప్రపంచంలోని అన్ని దేశాల కళనూ ఇంటికి తెచ్చుకున్నాడన్నది నిజంగా గర్వించదగిన విషయమే. కానీ ఆ గోడకు అవతల లాడ్‌బజారులో లక్కను వేడిచేసి గాజు తిప్పే మనిషి చేయి ఆ అద్దాల్లో ఎక్కడా లేదు.

ఆ లక్కను పిల్లల చేతికి ఇవ్వచ్చు. కాలిన వేళ్లతో సహా ఆ పనివాడి కథ చెప్పచ్చు. దస్తర్‌ఖాన్ పరిచి అన్ని కులాల పిల్లలనూ చుట్టూ కూర్చోబెట్టచ్చు. పీర్ల చావిడిలో ఎవరెవరు ఏ పని చేస్తారో, అందులో హిందువుల పని ఏదో పిల్లల చేతనే చేయించి చూపచ్చు. పాత పత్రికల్లోని కర్ఫ్యూ పాసు బొమ్మ ఒకటి పెట్టి, ఇది ఎందుకు ఇచ్చారో మీ అమ్మమ్మను అడగమనీ చెప్పచ్చు. దూది ఏకే విల్లు నారి లాగి వదిలితే వచ్చే మోత ఇప్పటి పిల్లలు విననేలేదు. పరుపుల దుకాణాల్లోకి మిషన్లు వచ్చాక ఊళ్లలో ఆ మోత ఆగిపోయింది. విల్లు మాత్రం ఇంకా కొన్ని దూదేకుల ఇళ్లలో అటకమీద ఉంది.